ఆ పిల్ల నడిచిందా?

1996 వేసవి. తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాను. నాకప్పుడు 12 ఏళ్ళు. ముందు గదిలో చిన్న టీవీ, దాని మీద అమ్మమ్మ కుట్టిన పువ్వుల గుడ్డ. పగలంతా కార్టూన్ నెట్‌వర్క్. రాత్రి కాగానే అదే ఛానల్ టీఎన్‌టీ అయిపోయేది. అంతవరకూ పిల్లీ ఎలుకా పరుగులు తీసిన చోట ఉన్నట్టుండి ఓ సింహం గర్జించి, నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా మొదలయ్యేది. మిగతా ఇళ్ళల్లో పిల్లలు అప్పుడు టీవీ కట్టేసి పడుకునేవాళ్ళు. మా ఇంట్లో కట్టేసేవాళ్ళు లేరు. అమ్మమ్మకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

"ఉండనీరా, నాలుగు మనుషుల మొహాలు కనబడుతూ ఉంటాయి" అనేది.

అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. నాకు వచ్చింది అరకొర. పైగా నాకు నత్తి. క, గ, ప అక్షరాల దగ్గర గొంతు పట్టేసేది. బళ్ళో పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే నిలబడిపోయేవాణ్ణి. వెనక బెంచీల్లో నవ్వులు. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు గానీ, జాలిపడి నా మాట వాళ్ళే పూర్తి చేసేసేవాళ్ళు. అది సాయం అనుకునేవాళ్ళు. అమ్మమ్మ ఒక్కరోజు కూడా నా నోట్లో మాట అందుకోలేదు. సినిమా నడుస్తుంటే "ఏమంటున్నాడ్రా వాడు?" అని అడిగి, విసనకర్ర ఆపి, నా వైపు చూస్తూ కూర్చునేది. మాట బయటికి వచ్చేదాకా అలాగే ఉండేది. తెలిసినంత చెప్పేవాణ్ణి, తెలియనిది ఊహించి చెప్పేవాణ్ణి. చిన్నతనంలో నేను ఎక్కువగా మాట్లాడింది ఆ రాత్రుల్లోనే.

అలాంటి ఒక రాత్రి వచ్చిన సినిమా 'ది బాడీ స్నాచర్'. 1945లో ఆర్‌కేఓ అనే హాలీవుడ్ కంపెనీ వాళ్ళు తీశారు, రాబర్ట్ వైజ్ దర్శకుడు, ఆర్.ఎల్. స్టీవెన్‌సన్ రాసిన కథ ఆధారం. ఇవన్నీ తర్వాత తెలుసుకున్న సంగతులు. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక్కటే, ఇందులో ఒక జట్కా మనిషి ఉన్నాడని.

తెనాలిలో అప్పటికి ఇంకా జట్కాలు కొన్ని మిగిలి ఉన్నాయి. రాత్రి రైలు దిగినవాళ్ళను స్టేషన్ నుంచి తీసుకొస్తూ మా వీధిలోంచి వెళ్ళేవి. ఆ డెక్కల చప్పుడు మాకు అలవాటే. సినిమాలో గుర్రపు బండి వస్తుంటే, అది టీవీలో వస్తోందో వీధిలో వస్తోందో ఒక్క క్షణం తెలియలేదు. అమ్మమ్మ కిటికీ వైపు చూసింది కూడా.

1831 నాటి ఎడిన్‌బరో. రాళ్ళు పరిచిన వీధి, తెల్ల గుర్రం, పొడుగాటి టోపీ పెట్టుకున్న బండివాడు. పేరు గ్రే. బండిలో ఉన్న నడవలేని చిన్నపిల్లను చేతుల మీద ఎత్తుకుని దించాడు. గుర్రాన్ని నిమరనిచ్చాడు. ఈసారి నువ్వు కనబడితే ఇది నిన్ను పలకరిస్తుంది అని ఆ పిల్లకు చెప్పాడు. ఆ నవ్వు చూసి అమ్మమ్మ "మంచివాడల్లే ఉన్నాడు" అంది. కాసేపటికి అదే మనిషి రాత్రిపూట శ్మశానంలో సమాధి తవ్వడానికి వచ్చి, యజమాని సమాధి దగ్గర కాపలా ఉన్న చిన్న కుక్కను పారతో కొట్టి చంపాడు. అమ్మమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

ఆ గ్రే వేషం వేసినాయనే బోరిస్ కార్లాఫ్. ప్రపంచమంతా ఆయన్ని ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా, అంటే ఆ పేరున్న శాస్త్రవేత్త శవాల ముక్కలతో పుట్టించిన మనిషిగా, గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం ఆయన ముందు జట్కా మనిషి.

గ్రే చేసే అసలు పని శవాల వ్యాపారం. ఆ రోజుల్లో అక్కడ డాక్టరు చదువుకు శవాలు చాలినన్ని దొరికేవి కావు. సమాధుల్లోంచి దొంగిలించి తెచ్చిచ్చేవాళ్ళకు డబ్బులిచ్చేవాళ్ళు. ఎడిన్‌బరోలోనే 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు తవ్వే శ్రమ కూడా ఎందుకని 16 మందిని చంపి మరీ శవాలు అమ్మారు. అది నిజంగా జరిగిందే. సినిమా కథ ఆ హత్యల తర్వాత కొన్నేళ్ళకు నడుస్తుంది. మాక్‌ఫర్లేన్ అని పెద్ద డాక్టరు, ఆయన గతంలోని రహస్యాలన్నీ తెలిసిన గ్రే. డాక్టరుగారిని నలుగురిలో పాత ముద్దుపేరుతో పిలిచి, ఆయన మొహం మాడిపోతుంటే చూసి ఆనందిస్తాడు.

ఒకచోట గ్రే తన గురించి తాను చెప్పుకుంటాడు. నేను చిన్నవాణ్ణి, పేదవాణ్ణి, ఇష్టం లేని పనులెన్నో చేయాల్సి వచ్చింది, కానీ అంత గొప్ప డాక్టరు నా ఈలకు ఉలిక్కిపడినంత కాలం నేనూ మనిషినే, అది కూడా లేకపోతే ఒట్టి బండివాణ్ణి, సమాధులు తవ్వే దొంగను, అంతే. ఆ మాటలు ఆ రాత్రి నాకు సగం కూడా అర్థం కాలేదు. "పేదవాణ్ణి అంటున్నాడు అమ్మమ్మా" అని మాత్రం చెప్పాను, ఆ 'పే' దగ్గర చాలాసేపు ఆగి. అమ్మమ్మ తల ఊపింది. ఆయన కళ్ళు చూసి తనకు ముందే తెలిసిపోయినట్టుంది.

వీధిలో పాడుకుంటూ అడుక్కునే ఒక అమ్మాయి ఉంటుంది ఆ సినిమాలో. డాక్టరుకు శవం కావాల్సి వస్తుంది. ఆ అమ్మాయి పాడుకుంటూ చీకటి కమాను కిందకు వెళ్తుంది. వెనకాలే గ్రే బండి మెల్లగా లోపలికి వెళ్తుంది. కెమెరా ఇవతలే నిలబడిపోతుంది. మనకు ఏమీ కనబడదు, చీకట్లోంచి పాట వినబడుతూ ఉంటుంది అంతే. ఉన్నట్టుండి పాట మధ్యలో ఆగిపోతుంది.

"పాట ఆగిందేంట్రా?" అంది అమ్మమ్మ.

నేను చెప్పలేదు. ఆ రోజు నా నత్తి వల్ల కాదు.

ఆ తర్వాత డాక్టరు ఆ చిన్నపిల్లకు ఆపరేషన్ చేస్తాడు. నిజానికి చేయనన్నవాణ్ణి చేసేలా ఒత్తిడి పెట్టింది గ్రేనే. ఆపరేషన్ బాగానే అయింది, లేచి నిలబడు అంటారు. పిల్ల నా వల్ల కాదంటుంది. సరిగ్గా అక్కడ మా వీధిలో కరెంటు పోయింది.

గంటన్నర తర్వాత వచ్చింది. అప్పటికి వేరే సినిమా ఏదో నడుస్తోంది. చీకట్లో అమ్మమ్మా నేనూ అలాగే కూర్చున్నాం. ఎప్పటికో అంది, "ఆ పిల్ల నడిచిందంటావా?"

ఆ ప్రశ్న 13 ఏళ్ళు మా ఇంట్లో ఉండిపోయింది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా, ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా, ఏ మాటా లేనప్పుడు అమ్మమ్మ అడిగేది. "ఆ పిల్ల సంగతి తెలిసిందా?"

ఆ సినిమా మళ్ళీ మా కంట పడలేదు గానీ, ఆ జట్కా మనిషి కనబడ్డాడు. టీఎన్‌టీలో ఆర్‌కేఓ సినిమాలు ఇంకో రెండు చూశాం. 'ఐల్ ఆఫ్ ద డెడ్' లో ఒక దీవిలో అంటువ్యాధి ప్రబలితే అందర్నీ కట్టడి చేస్తూ చేస్తూ తన బుద్ధినే పోగొట్టుకునే గ్రీకు సేనాపతి. 'బెడ్‌లామ్' లో పిచ్చాసుపత్రి అధికారి. ఈ మూడింటికీ నిర్మాత వాల్ ల్యూటన్. అంతకుముందు కొన్నేళ్ళుగా కార్లాఫ్ చేత ఒకే రకం పిచ్చి శాస్త్రవేత్త వేషాలు వేయించారు. ల్యూటన్ తనకు మళ్ళీ ప్రాణం పోశాడని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఎంజీఎం వాళ్ళ 'ది మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ' కూడా ఒకసారి వచ్చింది. చైనావాళ్ళంటే ద్వేషం పుట్టించడానికి తీసినట్టుండే సినిమా అది. కార్లాఫ్ ఉన్నా సరే, దాన్ని ఇష్టపడలేను.

ఇంటర్ తర్వాత హైదరాబాద్ వచ్చేశాను. ఇంటర్నెట్ సెంటర్లో గంటకు ఇంత అని కట్టి, మొదట వెతికిన పేర్లలో ఆయన పేరొకటి. అసలు పేరు విలియమ్ హెన్రీ ప్రాట్. 1887 నవంబర్ 23న లండన్‌లో పుట్టాడు. తొమ్మిది మందిలో ఆఖరివాడు. తండ్రి మన దేశంలో ఉప్పు పన్నుల శాఖలో ఉద్యోగం చేసినవాడు. వంశంలో భారతీయ రక్తం ఉంది. ఆ చామనఛాయ వల్లే మూకీల రోజుల్లో ఆయనకు అరబ్బులూ హిందూస్థానీలూ వేషాలు ఎక్కువగా వచ్చాయి. ఆ సంగతి మాత్రం ఆయన బతికినంత కాలం బయటికి చెప్పుకోలేదు. అప్పటి హాలీవుడ్‌లో చెప్పుకుంటే వేషాలుండేవి కావేమో. చదువుతుంటే మనసు కలుక్కుమంది.

ఆ కిందే ఇంకో వాక్యం ఉంది. చిన్నప్పుడు ఆయనకు నత్తి. పెద్దయ్యాక అది అదుపులోకి వచ్చినా, 'స' పలకడంలో నాలుక తడబాటు చివరిదాకా ఉండిపోయింది.

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. టైమ్ అయిపోయిందని సెంటరు అబ్బాయి వచ్చి చెప్పేదాకా ఆ పేజీ మీదే ఉన్నాను. అప్పటికి నాకు 19 ఏళ్ళు. క్యాంపస్ ఇంటర్వ్యూలంటే కడుపులో టెన్షన్. నా పేరే నేను సరిగ్గా చెప్పుకోలేనని భయం. ఇక్కడ ఒక మనిషి, అన్నలు సర్కారు కొలువుల్లో స్థిరపడితే తననూ అటే పంపాలని చూస్తుంటే, 1909లో ఓడెక్కి కెనడా వెళ్ళి, పొలం పనులు చేసి, ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో చేరాడు. మాటతోనే బతకాల్సిన పని కోరి ఎంచుకున్నాడు. హాలీవుడ్ చేరాక కూడా వేషాలు లేని రోజుల్లో లారీ నడిపాడు. అలా ఇరవై ఏళ్ళు. 'ఫ్రాంకెన్‌స్టైన్' విడుదలయ్యే నాటికి ఆయనకు దాదాపు 44 ఏళ్ళు. అప్పటికే దాదాపు 80 సినిమాల్లో కనబడ్డాడు, ఎవరికీ పేరు తెలియదు.

పేరు తెచ్చిన ఆ సినిమాలో ఆయనకు ఒక్క మాట కూడా లేదు.

2003 దసరాకి కోఠిలో ఫుట్‌పాత్ మీద ఆ సీడీ దొరికింది. తెనాలి పట్టుకెళ్ళి మామయ్య కంప్యూటర్‌లో పెట్టాను. అమ్మమ్మకి కుర్చీ వేశాను. ఎవరి సినిమా అన్నది చెప్పలేదు. మొదట్లో వేసే పేర్లలో కూడా భూతం పాత్ర ఎదురుగా పేరుండదు, ప్రశ్నార్థకం ఒక్కటే ఉంటుంది. ఆయనను ప్రివ్యూ వేడుకకు పిలవను కూడా లేదట.

భూతం తొలిసారి కనబడేది వీపుతో. తలుపులోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి, మెల్లగా మన వైపు తిరుగుతాడు. చదునైన తల, నుదుటి మీద కుట్లు, మెడ పక్కన మేకులు. కెమెరా ఒక్కో అంగలో దగ్గరకు వెళ్తుంది. నేను అమ్మమ్మనే చూస్తున్నాను, భయపడుతుందేమోనని. కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"వీడు మన జట్కావాడు కాదట్రా?"

నాకు నోట మాట రాలేదు. ఆ వేషం వెనక మనిషిని పోల్చుకోవడం తేలిక కాదు. జాక్ పియర్స్ అనే మేకప్ మనిషి రోజూ నాలుగు గంటలు కూర్చోబెట్టి వేసిన వేషం అది. బుగ్గ లోపలికి పోయినట్టు కనబడాలని కార్లాఫ్ తన కట్టుడు పళ్ళు తీసేశాడు. తన కళ్ళల్లో మరీ ప్రాణం కనబడుతోంది, ఇప్పుడే పుట్టినవాడి కళ్ళు ఇలా ఉండకూడదని చెప్పి, రెప్పల మీద మైనం పెట్టించుకున్నది కూడా ఆయనే. అంత చేసినా ఎప్పుడో టీవీలో కొన్ని రాత్రులు చూసిన మనిషిని అమ్మమ్మ పట్టేసింది.

"ఎలా తెలిసింది?" అన్నాను.

"ఆ చూపు. ఎవరన్నా దగ్గరకు రానిస్తారా అని చూస్తాడే, ఆ చూపు."

ఆ తర్వాత వచ్చేదే నా లెక్కలో కార్లాఫ్ చేసిన అన్నిటిలోకీ గొప్ప ఘట్టం. చీకటి గదిలో కూర్చున్న భూతం మీదకు పైకప్పు తెరిచి వెలుగు వదులుతారు. అంతవరకూ వెలుగు చూసి ఎరగడు. తల మెల్లగా పైకెత్తుతాడు. రెండు చేతులూ పైకి చాపి, వెలుగును పట్టుకోబోతాడు. పట్టుబడేదేదో ఉందనుకుంటాడు. పైకప్పు మూసేస్తారు. అప్పుడు ఆ చేతులు తనను పుట్టించినవాడి వైపు తిరిగి, అరచేతులు తెరుచుకుని, అడుగుతాయి. ఒక్క అరుపు లేదు, ఒక్క మాట లేదు. చిన్నపిల్లాడి చేతిలోంచి ఏదో లాక్కున్నాక వాడు అది ఇచ్చేయమని చేతులు చాపుతాడే, అలాగే ఉంటుంది. అంత పెద్ద అరచేతులు అంత నిస్సహాయంగా ఉండడం ఇంకెక్కడా చూడలేదు.

"చీకట్లో పుట్టినవాడికి వెలుగు చూపించి తలుపు మూసేస్తారట్రా" అంది అమ్మమ్మ. ఆ సినిమాలో నేను ఆమెకు అనువాదం చేయాల్సిన పని దాదాపు రాలేదు.

చెరువు గట్టు ఘట్టం గురించి చాలామంది రాశారు. భూతాన్ని చూసి భయపడని ఒకే ఒక్క ప్రాణి, మరియా అనే చిన్నపిల్ల. పూలిస్తుంది. నీళ్ళల్లో వేస్తే తేలతాయి చూడు అని నేర్పుతుంది. జీవితంలో మొదటిసారి వాడు నవ్వుతాడు. చేతిలో పూలు అయిపోతాయి. పూలలాగే ఈ పిల్ల కూడా తేలుతుందనుకుని ఎత్తి నీళ్ళలో వేస్తాడు. తేలకపోయేసరికి వాడి కంగారు చూడాలి. ఆ పిల్లను విసిరే ముక్కను అప్పట్లో సెన్సారువాళ్ళు కత్తిరించేశారు. దాంతో చూసినవాళ్ళు అంతకంటే ఘోరమైనదేదో జరిగిందని ఊహించుకున్నారు. 1980ల్లో గానీ ఆ ముక్క తిరిగి సినిమాలో చేరలేదు. వాడు చంపాలని చంపలేదన్నది ఆ ముక్కలోనే ఉంది, దాన్నే తీసేశారు.

అప్పట్లో పిల్లలు కార్లాఫ్‌కు ఉత్తరాలు రాసేవాళ్ళట, భూతం మీద జాలితో. పెద్దలకు భయం వేసింది, పిల్లలకు అర్థమైంది. ఆ సంగతి ఆయన ఇంటర్వ్యూల్లో ఇష్టంగా చెప్పేవాడు.

మర్నాడు 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' పెట్టాను. 1935 నాటిది, దర్శకుడు మళ్ళీ జేమ్స్ వేల్. ఇందులో భూతానికి మాటలు వస్తాయి. మాట్లాడించడం తప్పని కార్లాఫ్ అభిప్రాయం. మాట వస్తే ఆ పాత్ర బలం పోతుందని ఆయన చివరిదాకా అన్నాడు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఆ ఒక్క విషయం నేను ఒప్పుకోను. అడవిలో ఒక గుడిసె, అందులో కళ్ళు లేని ముసలాయన ఫిడేలు వాయించుకుంటూ ఉంటాడు. గాయాలతో వచ్చిన భూతాన్ని ఆయన చూడలేడు కాబట్టి భయపడడు. నాకు చూపు లేదు, నీకు మాట లేదు, ఒకరికొకరం తోడుంటాం అంటాడు. తిండి పెడతాడు. రాత్రి ఇంత కాలానికి ఒక మనిషినిచ్చావని దేవుడికి దండం పెట్టుకుంటుంటే, పడుకున్న భూతం కంట్లోంచి నీటిచుక్క జారుతుంది. తర్వాత ఆయనే మాటలు నేర్పుతాడు. ఒక్కో మాట. రొట్టె. మంచిది. స్నేహితుడు.

ఆ మాటలు కార్లాఫ్ పలికే తీరు వినాలి. మాట లోపలెక్కడో అడుగున ఉంటుంది. దాన్ని రెండు చేతులతో పైకి లాగుతున్నట్టు పెదాలు కదులుతాయి. మాట బయటపడ్డాక అది తనదేనా అని ఆశ్చర్యం. నత్తి ఉన్నవాళ్ళకు ఆ దారి తెలుసు. నాకు తెలుసు. ఆయనకూ తెలిసి ఉంటుందనే నా నమ్మకం.

అనువాదం చేద్దామని అమ్మమ్మ వైపు తిరిగాను. ఆమె తెర వైపు చూడడం లేదు, నన్ను చూస్తోంది. ఆ ముసలాయన భూతం మాట కోసం ఎలా ఆగాడో, సరిగ్గా అలాగే ఆమె నా కోసం ఇన్నేళ్ళూ ఆగింది. అది మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఏమీ అనుకోలేదు. తుపాకులతో వేటగాళ్ళు వచ్చి ఆ గుడిసె తగలబడిపోయేటప్పుడు మాత్రం అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత రోజుల్లో ఆయన సినిమాలు దొరికినన్ని చూశాను. 'ది మమ్మీ' లో గుడ్డలు చుట్టిన శవంగా కనబడేది కొద్ది క్షణాలే, దానికి ఎనిమిది గంటల మేకప్. కుర్రాడొకడు పాత పత్రమొకటి గొణుగుతూ చదువుతుంటే వెనక శవపేటికలో కనురెప్ప గీతంత తెరుచుకుంటుంది, చేతులు మెల్లగా కదులుతాయి. అంతే. తర్వాత కనబడేది పత్రం అందుకునే చేయి, తలుపు అవతలికి ఈడ్చుకుపోతున్న గుడ్డ పీలిక మాత్రమే. మిగతా సినిమా అంతా ముడతలు పడ్డ ముఖంతో, నెమ్మదైన ఆ గొంతుతో నడిపిస్తాడు. ఎవరన్నా తాకబోతే, నన్ను తాకడం నాకు ఇష్టముండదు, తూర్పు దేశాల పట్టింపు అంటాడు. ఆ గొంతులో ఆ చిన్న తడబాటు ఉంటుంది. లోపం అనుకున్నదే ఆ గొంతుకు గుర్తయింది.

ఆయన గురించి తెలిసే కొద్దీ మనిషి మీద ఇష్టం పెరిగింది. 1933లో నటీనటుల సంఘం పెట్టిన తొలివాళ్ళలో ఆయనొకడు, సభ్యత్వం నంబరు 9. ఆ యేడే సినిమా పని మీద ఇంగ్లండ్ వెళ్ళాడు. ఇన్నేళ్ళ తర్వాత అన్నలను కలవాలి. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, భూతం వేషం వేసే తమ్ముణ్ణి చూసి సిగ్గుపడతారేమోనని బెరుకు. తీరా పత్రికలవాళ్ళ కోసం ఫొటో దిగుదామంటే, ఆ పెద్దమనుషులంతా తమ్ముడి పక్కన నిలబడడానికి పోటీ పడ్డారట. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషమే. 1940 నుంచి క్రిస్మస్‌కు బాల్టిమోర్‌లో వికలాంగులైన పిల్లల ఆసుపత్రికి శాంతాక్లాజ్ వేషంలో వెళ్ళేవాడు. ఫ్రాంకెన్‌స్టైన్ షూటింగ్‌లో కథానాయకుణ్ణి భుజాన వేసుకుని గాలిమర ఉన్న మిట్ట ఎక్కే ఘట్టం మళ్ళీ మళ్ళీ తీయడంతో నడుము దెబ్బతింది. ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు. 'ది బాడీ స్నాచర్' తీసేటప్పుడూ ఆ బాధతోనే ఉన్నాడు. ఆ పిల్లను చేతుల మీద ఎత్తుకుని దించిన ఆ మొదటి ఘట్టం ఇప్పుడు చూస్తే, ఆ బరువు నాకు వేరేగా కనబడుతుంది.

చివరి రోజుల్లో చేసినవాటిలో 'టార్గెట్స్' (1968) ఒక్కటి చాలు. పీటర్ బొగ్డనోవిచ్ తొలి సినిమా. కార్లాఫ్ ఒక నిర్మాతకు రెండు రోజుల పని బాకీ ఉన్నాడు, ఆ బాకీ చుట్టూ అల్లిన కథ. బైరన్ ఆర్లాక్ అనే ముసలి భయానక చిత్రాల నటుడు, అంటే దాదాపు తనే. పేపర్లో రోజూ వచ్చే హత్యల ముందు నా భూతాలు ఎవరిని భయపెడతాయి అని నటన మానేయాలనుకుంటాడు. అప్పటికి ఆయన కాళ్ళకు ఉక్కు పట్టీలు, ఊపిరి అందని జబ్బు. అందులో ఒకచోట పాత కథ ఒకటి చెబుతాడు. బాగ్దాద్ బజారులో సేవకుడికి మృత్యువు ఎదురైతే, తప్పించుకోవడానికి గుర్రమెక్కి సమర్రాకు పారిపోతాడు. మృత్యువేమో, వీణ్ణి ఇక్కడ చూసి ఆశ్చర్యపోయాను, రాత్రికి మా ఇద్దరికీ సమర్రాలో కదా కలవాల్సింది అంటుంది. కెమెరా మెల్లగా ఆయన ముఖం దగ్గరకు వెళ్తుంది. ఒక్కసారికే అయిపోయింది ఆ టేక్. అయ్యాక సెట్‌లో అందరూ చప్పట్లు కొట్టారట. ఒకప్పుడు నత్తి పిల్లవాడు.

1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్‌లో పోయాడు. 81 ఏళ్ళు.

2009లో అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు వస్తూ వాల్ ల్యూటన్ సినిమాల డీవీడీ సెట్ తెచ్చిపెట్టాడు. 'ది బాడీ స్నాచర్' ముందు హైదరాబాద్‌లో ఒక్కణ్ణే చూశాను. 13 ఏళ్ళ కిందట కరెంటు మింగేసిన భాగం. గ్రేని డాక్టరు చంపేస్తాడు, గోడ మీద నీడలు పెనుగులాడే పోరాటంలో. ఇక పీడ వదిలిందనుకుంటాడు. చివర్లో వాన రాత్రి, తవ్వి తెచ్చిన ఒక ఆడమనిషి శవాన్ని బండిలో పక్కన కూర్చోబెట్టుకుని తోలుకొస్తుంటే, గాలిలో గ్రే గొంతు వినబడుతుంది. లాంతరు వెలుగులో చూస్తే పక్కనున్నది గ్రే. తెల్లగా, మెడ వాలిపోయి, బండి కుదుపులకు డాక్టరు మీద మీద పడుతూ. ప్రాణం లేని శరీరంతో కూడా కార్లాఫ్ భయపెట్టాడు. ఆ రాత్రి లైటు ఆర్పలేదు.

ఆ శనివారం తెనాలి వెళ్ళాను. అమ్మమ్మకి అప్పటికి చెవులు బాగా మందగించాయి. మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టి, ఆపరేషన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నిలబడు అంటారు, పిల్ల నా వల్ల కాదంటుంది. "ఇక్కడే పోయింది కదరా కరెంటు" అంది.

ఆ తర్వాత కోట గోడ దగ్గర ఆ పిల్ల చక్రాల కుర్చీలో కూర్చుని ఉంటుంది. కింద వీధిలో డెక్కల చప్పుడు. తనకు మాటిచ్చిన తెల్ల గుర్రమేమోనని చూడాలనుకుంటుంది. అప్పటికి గ్రే లేడు. చప్పుడు ల్యాప్‌టాప్‌లో సన్నగా వస్తోంది, అమ్మమ్మకి వినబడడం లేదు. ఆ పిల్ల ఎందుకు మెడ చాపుతోందో తెలియక నా వైపు తిరిగింది.

"ఏంట్రా?"

"గు..." అన్నాను. గొంతు పట్టేసింది. ఆ అక్షరం దగ్గర అంతగా ఆగి చాలా ఏళ్ళయింది. అమ్మమ్మ నా వైపే చూస్తూ ఉండిపోయింది. తెర మీద ఆ పిల్ల కుర్చీ చేతులు పట్టుకుంది.

"గుర్రం వస్తోంది అమ్మమ్మా."

ఆమె తల తిప్పేసరికి ఆ పిల్ల లేచి నిలబడి గోడ మీదుగా కిందకు చూస్తోంది.

అమ్మమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా చేతి మీద చేయి వేసి, "ఇక కట్టెయ్ నాన్నా, తర్వాతది నాకొద్దు" అంది.